బ్యాకప్‌కి ఇంత తంటానా?

ఉన్నవల్లా పాప చిన్నప్పటి ఫొటోలు, మా పెళ్లి వీడియో, ఇంటి కాగితాల స్కాన్లు. వీటిని దాచుకోవడానికి ఇంత తంటానా? క్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చే చోటు రెండు పండగల ఫొటోలకే సరి. పైగా అది సింక్ అట, బ్యాకప్ కాదట! ఇక్కడ పొరపాటున ఫోల్డర్ తీసేస్తే అక్కడా మాయం. సరే అని పెన్‌డ్రైవ్ కొన్నాను. సగం ఖాళీగా ఉన్నా 6 జీబీ పెళ్లి వీడియో ఎక్కనంటుంది. ఆ పెన్‌డ్రైవ్ ఫైళ్లను దాచే పద్ధతి ఫ్యాట్32 అట, అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదని అర్ధరాత్రి తెలిసింది. బ్యాకప్ సాఫ్ట్‌వేరేమో అన్నిటినీ కలిపి ఒకే మూట కట్టేసింది. ఒక్క ఫొటో బయటికి తీయాలన్నా మళ్లీ ఆ సాఫ్ట్‌వేరే కావాలి. మారిన ఫైళ్లు మాత్రమే కాపీ చేసి, మామూలు ఫోల్డర్లలాగే ఉంచితే చాలు కదా! "మూడు కాపీలుండాలి, ఒకటి ఇంటి బయట పెట్టాలి అక్కా" అంటాడు తమ్ముడు. వాడి లాప్‌టాప్‌కి ఒక్కటీ లేదు.