హార్లెం అలమారల్లో నూరేళ్ల సాక్ష్యం

న్యూయార్క్ మహానగరంలోని హార్లెంలో, 135వ వీధిలో కొలువైన షోంబర్గ్ పరిశోధన కేంద్రానికి 2025లో నూరేళ్లు నిండాయి. ఆఫ్రికా మూలాలున్న ప్రజల చరిత్రకూ సంస్కృతికీ సంబంధించి కోటీ పది లక్షలకు పైగా పుస్తకాలు, రాతప్రతులు, ఛాయాచిత్రాలు, ఇతర సామగ్రి అక్కడ ఉన్నాయి. దీనికి పునాది వేసినది ఒక బ్యాంకులో ఉత్తరాల విభాగం చూసుకున్న ఉద్యోగి పుస్తకాల పిచ్చి.

ప్యూర్టోరికోలో 1874లో పుట్టిన ఆర్టురో షోంబర్గ్ పదిహేడో ఏట న్యూయార్క్ చేరారు. నల్లజాతికి చెప్పుకోదగ్గ చరిత్రే లేదని చదువుకున్నవారు సైతం తేల్చేస్తున్న ఆ రోజుల్లో, బదులు చెప్పాలంటే ఆధారాలు చేతిలో ఉండాలని గ్రహించి ఆయన పాత పుస్తకాలను గాలించారు. బానిసగా అమెరికాకు తరలించిన ఫిలిస్ వీట్లీ 1773లో వెలువరించిన కవితల సంపుటి, నల్లజాతి ఖగోళవేత్త బెంజమిన్ బానెకర్ గ్రహగతులు లెక్కగట్టి అచ్చువేయించిన పంచాంగాలు అలా ఆయన ఇంటికి చేరాయి. గ్రంథపాలకురాలు ఎర్నెస్టీన్ రోజ్, స్థానిక మేధావుల చొరవతో 135వ వీధి శాఖా గ్రంథాలయంలో 1925లో నల్లజాతి సాహిత్య, చరిత్రలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది; ఈ కేంద్రానికి తొలిరూపం అదే. మరుసటి ఏడాది కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చిన 10 వేల డాలర్లతో షోంబర్గ్ సేకరణ యావత్తూ దాని పరమైంది. అయిదు వేలకు పైగా పుస్తకాలు, మూడు వేల రాతప్రతులు పేటలోని పౌర గ్రంథాలయానికి దక్కడమే ఇందులో అసలు విశేషం.

అలా దక్కనివి ఏమవుతాయో నల్లజాతి హక్కుల నేత మాల్కమ్ ఎక్స్ ఉదంతమే చెబుతుంది. ఆయన ఆత్మకథలో అచ్చుకాని పుటలు ఏళ్ల తరబడి ఒక ప్రైవేటు సేకరణలో ఉండిపోయి, 2018లో వేలానికి వస్తే గాని ఈ కేంద్రానికి చేరలేదు.

ఇటువంటి సంస్థలకు అండగా నిలవాల్సిన అమెరికా ప్రభుత్వం మాత్రం ఎదురుదారి పట్టింది. గ్రంథాలయాలకు, మ్యూజియంలకు నిధులందించే సమాఖ్య సంస్థను చట్టం అనుమతించిన కనీస స్థాయికి కుదించాలని 2025 మార్చిలో ట్రంప్ ఉత్తర్వు జారీచేశారు. అదే నెలలో వచ్చిన మరో ఉత్తర్వు, ప్రభుత్వ నిధులతో నడిచే స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలు చరిత్రను ఎలా చెప్పాలో శాసించబూనింది; అందులో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంను పేరుపెట్టి మరీ నిందించింది. పాలకులకు నచ్చిన మేరకే గతాన్ని చూపాలనడం చరిత్ర రచన అనిపించుకోదు. ఈ ఉత్తర్వులు రెంటినీ ఉపసంహరించుకోవాలని, వేలంలో సంపన్నులతో పోటీపడగల కొనుగోలు నిధిని న్యూయార్క్ నగర, రాష్ట్ర ప్రభుత్వాలు ఈ గ్రంథాలయానికి సమకూర్చాలని కోరుతున్నాం.