సవరణ: వైద్యానికి తీసుకెళ్తే కేసు అవుతుందన్నది తప్పు

పోయిన వారం అమలాపురం దగ్గర మా ఊరి కుర్రాడి గురించి రాస్తూ, గంజాయి మాన్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందన్నాను. పొరపాటు నాదే, టీకొట్టు దగ్గర విన్నమాట సరిచూసుకోకుండా రాసేశాను.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో (మత్తుమందుల నియంత్రణ చట్టం) 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో వైద్యానికి చేరితే, వాడినందుకు గానీ, చిన్న మొత్తం దగ్గరున్నందుకు గానీ విచారణ ఉండదు. మధ్యలో వదిలేసి వస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

‘దగ్గరున్న గంజాయి కిలోలోపు అయితే ఏమీ కాదు’ అనీ రాశాను. అదీ తప్పే. దానికీ ఏడాది దాకా జైలు, రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

నా పోస్టు చదివించుకుని ఆ కుర్రాడి అమ్మ భయపడి, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగిపోయింది. ఈలోగా దింపు తీసిన కొబ్బరికాయలు అమ్మి బియ్యం డబ్బాలో దాచుకున్న డబ్బులు పోయాయి. వాళ్ల నాన్నేమో ఎవరేం అడుగుతారోనని కాలవగట్టు వైపే రావడం లేదు. నిన్న వెళ్లి ఆవిడకి తప్పు చెప్పుకుని, మత్తు మాన్పించే 14446 హెల్ప్‌లైన్ నంబరు క్యాలెండర్ మీద రాసిచ్చి వచ్చాను.