తల తెగిన బోల్టు గారికి

మహారాజశ్రీ కారు ఇంజిన్ పొగ బయటికి పంపే గొట్టం, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని చివరి బోల్టు గారికి, రాయగడ నుంచి నమస్కారములు.

తమరు క్షేమమని తలుస్తాను. తల నా అరచేతిలో, మొండెం ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్డులో ఉన్నా తమకి పెద్దగా కష్టమున్నట్టు లేదు. కష్టమంతా మాది. సిరిమాను పండక్కి విజయనగరం కార్లో తీసుకెళ్తానని ఇంట్లో మాటిచ్చాను. నిన్న పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంది, మానిఫోల్డ్ దగ్గర సందు మూసే గ్యాస్కెట్ లీకు, చిన్న పనే, మధ్యాహ్నానికల్లా అయిపోతుందన్నారు అందరూ. ఇంట్లోవాళ్లు ఈపాటికి రైల్లో పార్వతీపురం దాటుంటారు. నేను ఇక్కడ తమకి కాపలా.

మిగతా బోల్టులన్నీ మర్యాదస్తులండి. కిర్రుమని ఓ మూలుగు మూలిగి వచ్చేశాయి. ఫైర్‌వాల్ వైపు, అంటే ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ పక్కన, చెయ్యి దూరని మూల, తమరొక్కరే మిగిలారు.

తుప్పు గురించి నాకు కోపం లేదు, అది వేరే విషయం. ఉక్కు బోల్టు, అల్యూమినియం హెడ్డు, మధ్యలో మన వానాకాలం తేమ చేరితే మరలు తినేస్తాయని తెలుసు. పైగా అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, చల్లారితే మళ్లీ బిగుస్తుంది, ఇన్నేళ్లు అలా కాగుతూ చల్లారుతూ ఉంటే ఎవరైనా పట్టేస్తారు. అందుకే రాత్రంతా తుప్పు వదిలించే నూనె పట్టించాం. అప్పటికీ రానంటే రానని మొండికేసి ఉంటే, సరే, ఊరుకునేవాణ్ణి.

కానీ తమరు తిరిగారు. అక్కడే నాకు మండుతోంది. పన్నెండో నంబరు సాకెట్ పెట్టి లాగుతుంటే మొదట బిర్రుగా ఉండి, ఉన్నట్టుండి మెత్తగా కదిలారు. "వచ్చేస్తోంది బావా!" అని మా బావమరిది కేకేశాడు. నేను మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కూడా మొక్కేసుకున్నాను. తీరా చూస్తే ఆ కదలిక ఊడి రావడం కాదు, సాగడం!

తల చేతిలోనే ఉంది కాబట్టి దాని మీద రాసింది చదివాను. 8.8. మొదటి ఎనిమిదికి అర్థం ఎంత లాగినా 800 మెగాపాస్కల్ (లాగుడు ఒత్తిడి కొలత) దాకా తెగనని. చుక్క తర్వాతి ఎనిమిదికి అర్థం అందులో 80 శాతం, అంటే 640 దాటితే సాగుతానని. అంటే ఆ 640కి, 800కి మధ్య తమరు చేసిందంతా నటన. ఊడొస్తున్నట్టు, కరుణించినట్టు, ఇంకాస్త తిప్పు నాయనా అన్నట్టు. నేనూ నమ్మి తిప్పాను. టప్. పెళ్లిచూపుల్లో తలూపి ముహూర్తం రోజు పరారైన పెళ్లికొడుకు నయం కదరా నీకంటే! తెగితే తెగావు, కాస్త బయటికి తెగినా ప్లయర్‌తో పట్టేవాళ్లం. హెడ్డుకి సమంగా కూడా కాదు, లోపలికి దిగి మరీ తెగావు. ఇదంతా ఎందుకు, ఆ పావు తిప్పు నాకు ఎందుకిచ్చావు? అదొక్కటి చెప్పు.

షెడ్డు ఆయన "హోయిజిబ బాబు", అంటే ఒడియాలో అయిపోతుంది బాబూ, అనుకుంటూ వచ్చాడు, టార్చి వేసి నిన్ను చూశాడు, ఆ తర్వాత మళ్లీ ఆ మాట అనలేదు. స్పేర్ల కొట్లో విరిగిన బోల్టులు పీకే ఈజీ అవుట్ అంటగట్టబోయారు. అది గట్టి ఉక్కు, నీలో విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు, అప్పుడు నీకు తోడు ఇంకొకడు తయారవుతాడు, వద్దన్నాను. సుత్తితో ఒకటి వెయ్యమన్న పక్కింటాయన్ని తలుచుకోను. కరెంటు పోయిందని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

రేపు వెల్డింగ్ ఆయన వస్తున్నాడు. నీ మీద వాషరు, దాని మీద నట్టు పెట్టి అతికిస్తాడు. ఆ వెల్డింగ్ ఉక్కుకే పడుతుంది, అల్యూమినియంకి అంటుకోదు, కాబట్టి హెడ్డు చాటున దాక్కుందామనుకోకు. ఎర్రగా కాలి చల్లారేటప్పటికి నీ తుప్పు పట్టు వదలాలి. దానికీ రాకపోయావో, నడిమధ్య సెంటర్ పంచ్ కొట్టించి, డ్రిల్లు వేయించి, నిన్ను రజను రజనుగా బయటికి తీసి, ఆ కన్నంలో హెలికాయిల్, అదే కొత్త మరల తీగచుట్ట, వేయిస్తా. కొత్త బోల్టు ఇప్పటికే కొని డాష్‌బోర్డు మీద పెట్టాను, దాని మరలకి పూయడానికి రాగి గ్రీజు కూడా.

రేపు నట్టుకి పానా పట్టినప్పుడు కదలాలనుకుంటే పూర్తిగా కదులు. లేదా అక్కడే చావు. సగం మాత్రం తిరగకు.

ఇట్లు,
కారు ఓనరు