ముందు ప్రయాణం, ఆ తరువాతే వడ్రంగం

ఇంగ్లండు కాలువల మీద తిరగడానికి నారోబోటు (లోపల కాపురం ఉండగలిగే ఇరుకైన పొడవాటి పడవ) కొనుక్కోవాలన్న ఆలోచన మన తెలుగు కుటుంబాలలో కొందరికి కలుగుతోందని ఈమధ్య వింటున్నాను, ఎంతో సంతోషంగా ఉంది. అయితే వారిలో ఎక్కువమంది లోపలి చెక్కపని అంతా ముగిసిన తరువాతే నీటి మీదికి బయలుదేరాలనుకుంటున్నారు. ఈ వరుస మారాలని నా గట్టి అభిప్రాయం. వంటకు పొయ్యి, పడుకోవడానికి పరుపు, తాగునీటి తొట్టి, పడవకు భద్రతా పత్రం, లైసెన్సు, బీమా ఉంటే చాలు. ఒక వేసవి అంతా తిరిగి, ఆ తరువాతే రంపం చేతబట్టాలి.

నారోబోటు వెడల్పు సాధారణంగా 6 అడుగుల 10 అంగుళాలు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ఇంగ్లండు నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్ కాలువల మీద సుమారు 7 అడుగుల వెడల్పు లాకులు (నీటిమట్టం పెంచి, దించి పడవలను దాటించే తలుపుల గదులు) కట్టించినందువల్ల పడవలన్నీ ఆ కొలతకే ఒదిగిపోయాయి. గోడలకు చలి ఆపే పొర, దాని మీద పలకలు బిగించాక మిగిలే చోటు ఇంకా తక్కువ. ఇంత ఇరుకులో అల్మరా తలుపు ఏ వైపు తెరుచుకోవాలో కాగితం మీది నక్షా చెప్పలేదు. వెనక చుక్కాని పట్టుకున్న మనిషికి టీ అందించబోయినప్పుడు ఆ తలుపు మోకాలికి తగిలితే తెలుస్తుంది. వెనకటి సరుకు పడవలలో కుటుంబం మొత్తం పదడుగుల పొడవు గదిలో కాపురం చేసేది. అల్మరా తలుపు కిందికి దించితే భోజనాల బల్ల అయ్యేది, మరో తలుపు దించితే అడ్డంగా మంచం అమరేది. నీటి మీద బతికిన అనుభవమే ఆ అమరికను నేర్పింది.

పడవలో వడ్రంగానికి ఇంటి లెక్కలు పనికిరావు. ముందుభాగంలోని నీటి తొట్టి నిండితే పడవ ముందువైపు కిందికి దిగుతుంది, ఖాళీ అయితే లేస్తుంది. బరువైన సామానంతా ఒకే పక్కన పెడితే ఆ పక్కకు ఒరుగుతుంది. అందువల్ల సమతలం చూపే రసమట్టం చెప్పే మాట నిలకడగా ఉండదు, కొలతలన్నీ పడవ లోపలి నేలను ఆధారం చేసుకునే తీసుకోవాలి. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి కాబట్టి లంబకోణం చూసే మూలమట్టం కూడా అక్కరకు రాదు. అల్మరా పక్కపలకను గోడకు దగ్గరగా నిలువునా నిలబెట్టి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి, ఆ ముక్కను గోడ వెంట పైనుంచి కిందిదాకా జరిపితే గోడ వాలు మొత్తం పలక మీద గీతగా దిగుతుంది. గీతకు కాస్త బయటగా కోసి, మిగిలిన దాన్ని చిత్రికతో కొద్దికొద్దిగా తీస్తూ మళ్లీమళ్లీ ఆనించి చూసుకోవాలి. వెలుతురు సందు లేకుండా పలక గోడకు అతుక్కున్న క్షణంలో కలిగే తృప్తి కొనుక్కొచ్చిన బీరువా ఇవ్వలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు: ప్లైవుడ్ అంచుల నుంచే తడి లోపలికి పాకుతుంది గనుక వాటికి ముందుగా వార్నిష్ బాగా పట్టించాలి, ఓక్ చెక్కకు మామూలు ఇనుప స్క్రూలు వాడితే తడికి నల్లటి మరకలు తేలతాయి, ఇత్తడివే మేలు.

ఇక ప్రయాణపు ఆనందం గురించి. గంటకు 4 మైళ్లు మించని వేగంలో, గట్టు మీద నడిచే మనిషితో మాటలు కలుపుకుంటూ సాగిపోవచ్చు. వార్విక్ దగ్గర హాటన్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ 2 మైళ్ల లోపు దూరంలోనే 21 లాకులలో సుమారు 45 మీటర్లు ఎక్కుతుంది. ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసి పెరిగిన పెద్దలను అక్కడికి తప్పక తీసుకువెళ్లండి. హాటన్‌లో తూము తెరిచే ఇనుప పిడి మన చేతికే ఇస్తారు. నీటిమట్టం రెండు వైపులా సమానమయ్యేదాకా ఎంత తోసినా కదలని తలుపు, సమానం కాగానే వీపు ఆనించి తోస్తే మెల్లగా జరుగుతుంది. ఆ తలుపులు ఎక్కువగా ఓక్ దుంగలతో చేసినవి. బ్రాడ్లీ, స్టాన్లీ ఫెర్రీ కర్మాగారాలలో ఒక్కొక్క లాకుకు తగిన కొలతతో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఒక జత సుమారు పాతికేళ్లు నిలుస్తుంది. చెక్కపని మీద మక్కువ ఉన్నవారు వాటి అతుకులను దగ్గరగా చూడకుండా ముందుకు సాగకూడదు.

పడవ కొనేముందే వారం రోజులు ఒకటి అద్దెకు తీసుకోవడం ఇంకా మంచిది. వెంట టేపూ, నోటు పుస్తకమూ పట్టుకెళ్లి, దిగేటప్పుడు చేయి ఆనించడానికి ఎక్కడ పిడి లేకపోయిందో, తడి బూట్లు విప్పడానికి ఎక్కడ చోటు వెతుక్కున్నారో, పిల్లలు ఏ కిటికీ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నారో ప్రతి సాయంత్రం రాసుకోండి. మొదటి చెక్క కొనేది ఆ పుస్తకం ముందు పెట్టుకునే.