క్రూయిజ్ ఐటినరీ గారికి ఓడ దిగని ప్రయాణికుడి లేఖ

మహారాజశ్రీ క్రూయిజ్ ఐటినరీ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. విహార ఓడ ఏ రోజు ఏ రేవులో ఆగుతుందో చెప్పే పట్టిక అయిన తమరు కూడా ఆ నిగనిగలాడే కాగితం మీద, నీలిరంగు మ్యాపులో, చుక్కల గీత వెంబడి క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఆ చుక్కల గీత ఎంత ముచ్చటగా ఉంటుందో! దాని మీద గాలి ఉండదు, అల ఉండదు, క్యూ అసలే ఉండదు. టికెట్ కొనేటప్పుడు మేము ఓడను సరిగ్గా చూడం, క్యాబిన్ కొలతలు చూడం, మిమ్మల్నే చూస్తాం. అందుకే ఈ ఉత్తరం కెప్టెన్‌కి కాకుండా మీకు రాస్తున్నాను. ఆయన పాపం మీరు చెప్పిన చోటికి తోలుకుపోతాడు, అంతే.

ముందుగా మీ భూగోళ జ్ఞానానికి ఒక దండం. రోమ్ సముద్రపు ఒడ్డున లేదని మేము బడిలో చదువుకున్నాం. మీ దయ వల్ల ఇప్పుడు ఉంది. తీరా దిగితే అది చివిటవెక్కియా, రోమ్ ఇంకా దాదాపు 80 కిలోమీటర్లు. పారిస్ అని రాస్తారు, ఓడ ఆగేది లె హావ్ర్‌లో. ఈఫిల్ టవర్ చూడాలంటే అక్కణ్ణుంచి 200 కిలోమీటర్లు పోవాలి. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్. బెర్లిన్ విషయంలో మీ ధైర్యమే వేరు. బాల్టిక్ ఒడ్డున వార్నెముండెలో దింపి, రైల్లో సుమారు మూడు గంటలు కూర్చుంటే వచ్చేస్తుందంటారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా అని మీరు రాసిన పన్నెండు గంటల్లోంచి దిగే క్యూ, పోయే రైలు, వచ్చే రైలు, ఓడ కదలడానికి అరగంటో గంటో ముందే అందరూ ఎక్కెయ్యాలన్న గడువు తీసేయండి. బెర్లిన్‌కి మిగిలేది నాలుగైదు గంటలు. రెండు ప్రపంచ యుద్ధాలు, గోడ కట్టడం, గోడ కూలడం, నడుమ ఒక శాండ్‌విచ్, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఇందులో ఆ రేవు పట్టణాల తప్పు ఏమాత్రం లేదు. లె హావ్ర్‌నే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన ఊరు. ఓగుస్త్ పెరె అనే ఆర్కిటెక్ట్ దాని నడిబొడ్డును కాంక్రీటుతో తిరిగి నిలబెట్టాడు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీ జాబితాలో మాత్రం దానికి దొరికింది పారిస్ పక్కన బ్రాకెట్లో చోటు. దిగినవాళ్ళు ఆ ఊరివైపు తిరిగి చూడకుండా బస్సెక్కుతారు. సాయంత్రం తిరిగొచ్చి, ఈ రేవు శుద్ధ దండగ అని తేల్చేస్తారు. చెడ్డపేరు ఊరికి, టూర్ డబ్బులు మీ కంపెనీకి.

అన్నట్టు, ఆ టూర్లు అమ్మడంలో మీ నేర్పు కూడా తక్కువది కాదు. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుందట, సొంతంగా వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే ఆగదట. రేవు ఊరికి ఎంత దూరమైతే ఈ మాట అంత బాగా పనిచేస్తుంది. 80 కిలోమీటర్ల అవతల ట్రాఫిక్‌లో చిక్కుకుంటామేమో అన్న టెన్షన్‌కి మీరు ఒక రేటు కట్టారు, మేము నోరు మూసుకుని కడుతున్నాం.

ఇక విక్టోరియా సంగతికి వస్తాను. ఇది అడగకపోతే నాకు నిద్రపట్టదు. కెనడాలో అందమైన ఊరు, పూలతోటలకు పేరుపొందిన ఊరు. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళొచ్చే ఓడలు చాలావరకు అక్కడికి ప్రయాణం చివర్లో, పొద్దుగూకే వేళకు చేరి, అర్ధరాత్రికల్లా వెళ్ళిపోతాయి. ఒక తోటను చూపించడానికి చీకటిని ఎంచుకున్న తమరి అభిరుచికి కారణమేమిటా అని ఆరా తీస్తే, అభిరుచి కాదు, 1886 నాటి అమెరికా చట్టం అని తేలింది. ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకు విదేశీ జెండా ఉన్న ఓడ ప్రయాణికుల్ని చేరవేయకూడదు. ఎక్కిన చోటే తిరిగి దింపేటట్టయితే మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకాలి. మీ ఓడలేమో దాదాపు అన్నీ బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. అమెరికా జెండా ఉన్న పెద్ద క్రూయిజ్ ఓడ ఒక్కటే ఒక్కటి, హవాయి దీవుల చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

అంటే విక్టోరియాలో ఓడ ఆగేది మేము చూడ్డానికి కాదు, హాజరు పట్టీలో సంతకానికి. కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్ళొచ్చే ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడా దగ్గర ఆగేదీ ఇందుకే. పసిఫిక్‌లో రోజుల తరబడి ప్రయాణించి, హవాయి మత్తు ఇంకా దిగకముందే కొన్ని గంటలు ఎన్సెనాడా! కోవిడ్ కాలంలో కెనడా తన రేవుల్ని క్రూయిజ్ ఓడలకు మూసేస్తే, 2021లో అమెరికా కాంగ్రెస్ ఈ నిబంధనకు తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. ఆ వేసవి ఓడలు కెనడాలో ఆగకుండానే అలాస్కా వెళ్ళొచ్చాయి. హిమానీనదాలు ఉన్నచోటే ఉన్నాయి, ఏ చట్టమూ సముద్రంలో మునగలేదు. కానీ మీ చుక్కల గీత మీద ఈ కథంతా ఎక్కడా రాయరు. 'మనోహరమైన విక్టోరియా సాయంత్రం' అని రాస్తారు.

బహామాస్ రాజధాని నస్సావు గురించి మీకు మళ్ళీ చెప్పాలా? ఏ క్రూయిజ్ అలవాటున్నవాళ్ళనైనా అడగండి, దిగబుద్ధి కాని రేవుల్లో ఈ పేరు ముందు వరసలో వస్తుంది. అయినా మీరు మానరు, ఎందుకు మానాలి? ఫ్లోరిడా నుంచి రాత్రి బయల్దేరితే నెమ్మదిగా పోయినా తెల్లారేసరికి చేరొచ్చు. ఇంధనం కలిసొస్తుంది, మూడు నాలుగు రోజుల ప్రయాణంలో ఇమిడిపోతుంది, పై చట్టం అడిగే విదేశీ రేవు కూడా అయిపోతుంది. 2023లో కొత్త హంగులతో తెరిచిన ఆ రేవులో ఒకేసారి ఆరు ఓడలు ఆగగలవు. ఆరు ఓడల జనం ఒకే వీధిలోకి దిగితే అక్కడ కనిపించేది బహామాస్ కాదు, ముందువాడి వీపు. ఆ వీధులు దాటి లోపలికి వెళ్తే మంచి ఊరే ఉంది. అంత దూరం వెళ్ళే తీరిక మీరు ఇవ్వరు, వెళ్ళాలన్న ఆశ మాకూ మిగలదు.

వీధి మొదట్లోనే నగల దుకాణాలు. తర్వాతి దీవిలోనూ అవే, ఆ తర్వాతి దీవిలోనూ అవే. టాంజనైట్ అనే నీలి రాయిని కరీబియన్ రేవుల్లో అమ్మే ఉత్సాహం చూస్తే అది అక్కడి సముద్రంలోనే దొరుకుతుందనుకుంటాం. అది 1967లో కిలిమంజారో పర్వతం దగ్గర బయటపడింది, టాంజానియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తవ్వి తీయరు. అంటే ఆ రాయి మాకంటే ఎక్కువ దూరం ప్రయాణం చేసొచ్చింది. రేవుల గురించి ఓడలో పెట్టే ఉపన్యాసంలో ఆ ఊరి చరిత్ర రెండు ముక్కలు, ఆ దుకాణాల కూపన్లు ఇరవై నిమిషాలు.

ఈ బాధలేవీ లేని రేవు కావాలంటే కంపెనీ సొంత దీవులున్నాయంటారు. నిజమే, 1977లో బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న దీవితో మొదలైన ఆ ముచ్చట ఇప్పుడు బాగా పెరిగింది. అక్కడ ఊరు ఉండదు, ఊరివాళ్ళు ఉండరు, ఓడలో తిన్నదే ఇసుకలో తింటాం. లాబడీ అనే ప్రైవేటు రేవు అయితే తమరి కళకే పరాకాష్ఠ. అది హైతీలోది. కానీ ఎన్నో ఏళ్ళు కరపత్రాల్లో హైతీ అన్న మాట రాకుండా 'హిస్పానియోలా' అని దీవి పేరుతో సరిపెట్టారు. ఒక దేశంలో దిగి, కంచె లోపల ఈత కొట్టి, ఆ దేశం పేరు తెలియకుండానే తిరిగి ఎక్కగలగడం చిన్న విషయం కాదు.

రేవే లేని రేవుల మాట కూడా ఒకటుంది. గ్రీస్ దీవి సాంటోరినిలో ఓడ నీళ్ళలోనే నిలబడుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఒడ్డు నుంచి ఊళ్ళోకి కేబుల్ కారు, లేదా ఆరువందలకు కాస్త తక్కువ మెట్లు, లేదా ఆ మెట్ల మీద గాడిదలు. మూడింటికీ క్యూ ఉంది, గాడిదలు మాత్రమే ఓపిగ్గా నిలబడతాయి. గాలి ఎక్కువైతే పడవలు దింపరు, ఊరు కిటికీలోంచే. అప్పుడు టికెట్ వెనక ఉన్న ఒప్పందం తీసి చదివితే, ఏ రేవునైనా ఎప్పుడైనా మార్చవచ్చు, మానేయవచ్చు, అందుకు పరిహారం ఇవ్వనక్కర్లేదు అన్న అర్థంలో మాట కనిపిస్తుంది. మహా అయితే రేవు రుసుము తిరిగొస్తుంది. అంటే మేము డబ్బు కట్టింది మీకు కాదు, మీ సదుద్దేశానికి. పైగా ఓడ రేవులో ఉంటే చాలాచోట్ల క్యాసినో మూసెయ్యాలి, ఓడలోని డ్యూటీ ఫ్రీ షాపులు మూసెయ్యాలి. రేవు తప్పి సముద్రంలోనే ఉండిపోతే రెండూ తెరుచుకుంటాయి. గాలి మీవైపే ఉన్నట్టుంది సుమా!

ఇంత అన్నాక అవతలివాళ్ళ మాట కూడా చెప్పాలి. మేము తప్పించుకోవాలనుకునే రేవులున్నట్టే, మమ్మల్ని తప్పించుకోవాలనుకునే రేవులూ ఉన్నాయి. వెనిస్ 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడల్ని ఊరి ముందున్న జ్యుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. అప్పటి నుంచి మీ జాబితాలో వెనిస్ కొన్నిసార్లు రవెన్నా దాకా జరిగిపోయింది, బస్సులో రెండు గంటల పైమాటే. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ ఓడల సంఖ్యకు కళ్ళెం వేసింది. అమెరికాలోని బార్ హార్బర్ రోజుకు వెయ్యిమందికి మించి దిగొద్దని 2022లో ఓటు వేసింది. కేమన్ దీవుల్లో పెద్ద ఓడల కోసం రేవు కట్టాలా అని 2025లో జనాన్నే అడిగితే వద్దన్నారు. గ్రీస్ అదే ఏడాది నుంచి సాంటోరిని, మైకొనోస్‌లలో దిగే క్రూయిజ్ ప్రయాణికుల దగ్గర రద్దీ కాలంలో తలకు 20 యూరోలు వసూలు చేస్తోంది. సుమారు 32,000 జనాభా ఉన్న అలాస్కాలోని జూనో 2026 నుంచి రోజుకు మహా అయితే 16,000 పడకల ఓడలే రావాలని కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. ఊళ్ళో సగమంత మంది పొద్దున్నే వచ్చి, సాయంత్రం పోయి, మర్నాడు వేరేవాళ్ళు రావడం. ఆ మాత్రానికి జూనోవాళ్ళకు విసుగొస్తే వాళ్ళను ఏమనగలం? రావాలనుకున్న ఊళ్ళు మమ్మల్ని వద్దంటున్నాయి, రమ్మంటున్న రేవుల్లో మాకు దిగబుద్ధి కావడం లేదు. నడుమ తమరొకరే హాయిగా ఉన్నారు.

కాబట్టి నా విన్నపం స్వీకరించగలరు. ఓడ నిజంగా ఆగే ఊరి పేరు పెద్ద అక్షరాల్లో రాయండి, రోమ్‌నీ పారిస్‌నీ బ్రాకెట్లోకి పంపండి. రేవులో ఓడ ఎన్ని గంటలుంటుందో కాదు, ఊళ్ళో మనిషి ఎన్ని గంటలుండగలడో రాయండి. అదే రోజు ఇంకా ఎన్ని ఓడలు వస్తున్నాయో రాయండి, ఆ లెక్క రేవు అధికారుల దగ్గర ముందే ఉంటుంది. ఎందుకు ఆగుతున్నారో కూడా ఒక మాట రాస్తే మా అదృష్టం. 'చట్టం కోసం', 'ఇంధనం కోసం', 'దీవి మాదే కాబట్టి' అని రాసినా మేము కొంటాం, చదివి మరీ కొంటాం.

ఇట్లు,
తమరి చుక్కల గీతకు లోబడిన
ఓడ దిగని ప్రయాణికుడు

తాజాకలం: నస్సావు రోజున ఓడంతా ఖాళీ అవుతుంది కదా, ఆ రోజు స్పాలో ఎంత డిస్కౌంట్ ఇస్తారో కూడా ఐటినరీలోనే ముందుగా ప్రకటించగలరు. ఆ రేవు దగ్గర మేము నిజంగా ఎదురుచూసేది దానికోసమే.