విజువల్ లెర్నర్ అన్న ముద్ర పిల్లల మీద వేయకండి

"మావాడు విజువల్ లెర్నర్ అండీ. పుస్తకం చదివితే ఎక్కదు, వీడియో చూస్తేనే ఎక్కుతుంది." ఈ మాట చెప్పే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఆ మాట నేర్పిన శిక్షణ తరగతుల మీద ఉంది. పదేళ్ల పిల్లాడికి 'నువ్వు చదివి నేర్చుకునే రకం కాదు' అని చెప్పేశాక వాడు చదవడం ఎందుకు సాధన చేస్తాడు? చదవడం కష్టమవుతున్న పిల్లాడికి చదవడంలోనే సాయం చేయాలి. మనం ఒక పేరు పెట్టి, ఆ సాయం వాడికి అందకుండా చేస్తున్నాం.

ఎవరు ఎలా నేర్చుకునే రకమో చెబుతామనే క్విజ్‌లు ఉన్నాయి. వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది వార్క్ (VARK). న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1987లో తయారుచేశారు. చూసి, విని, చదివి-రాసి, చేసి నేర్చుకునేవాళ్లని నాలుగు రకాలు. ప్రశ్నలు గమనించండి: కొత్త పరికరం వాడటం ఎలా తెలుసుకుంటారు, ఎవరికైనా దారి ఎలా చెబుతారు... అడిగేదంతా మీ ఇష్టాల గురించే. ఇష్టం ఉండటం నిజమే. కానీ ఇష్టమైన పద్ధతిలో చదివితే ఎక్కువ గుర్తుంటుందా అన్నది వేరే ప్రశ్న. దానికి క్విజ్ జవాబు చెప్పలేదు, పరీక్ష పెట్టి చూడాల్సిందే.

ఆ పరీక్ష ఎలా ఉండాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డానియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్పష్టంగా రాశారు. 'చూసే రకం', 'వినే రకం' అని విద్యార్థులను విడదీయాలి. ప్రతి గుంపులోనూ సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో అదే పాఠం చెప్పాలి. చివర్లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. చూసేవాళ్లకు బొమ్మలు, వినేవాళ్లకు మాటలు ఎక్కువ మార్కులు తెస్తేనే సిద్ధాంతం నిలిచినట్టు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వెతికితే, విద్యార్థి రకాన్ని బట్టి బోధించమని చెప్పడానికి సరిపడా ఆధారం వాళ్లకు దొరకలేదు. 2015లో బెత్ రోగోవ్‌స్కీ పరిశోధక బృందం పెద్దవాళ్లలో కొందరికి పుస్తకాన్ని ఆడియోగా వినిపించి, కొందరితో తెర మీద చదివించింది. వెంటనే పెట్టిన పరీక్షలోనూ, రెండు వారాల తర్వాత పెట్టినదానిలోనూ ఎవరి ఇష్టానికి తగ్గట్టు వాళ్లకు ఎక్కువ మార్కులేమీ రాలేదు.

'చదివినది 10 శాతం, విన్నది 20 శాతం, చేసినది 90 శాతం గుర్తుంటుంది' అనే త్రిభుజం బొమ్మ కూడా మీరు చూసే ఉంటారు. అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో గీసిన బొమ్మకు దాన్ని అంటగడతారు. ఆయన బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు. అంకెలు తర్వాత ఎవరో అతికించారు. దయచేసి దాన్ని ఇంకొకరికి పంపకండి.

నిజానికి ఎలా నేర్చుకోవాలో చాలావరకు విషయమే తేలుస్తుంది. పటం చూడాలి. ఉచ్చారణ వినాలి. ఈత రావాలంటే నీళ్లలో దిగాలి. గుండె ఎలా పనిచేస్తుందో తెలియాలంటే బొమ్మా, దాని పక్కన వివరణా రెండూ కావాలి, అది ఏ రకం మనిషికైనా. ఇక చూపు, వినికిడి, డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడం కష్టమవడం) లాంటి ఇబ్బందులు నిజమైన తేడాలు. వాటిని నేర్చుకునే స్టైల్ అని పిలిచి వదిలేయకూడదు. నిపుణుడికి చూపించి, కావలసిన సదుపాయం చేయించాలి.

మరి మన సొంత పద్ధతి తెలుసుకునే దారే లేదా? ఉంది. రెండు వారాలు పడుతుంది, కొంచెం విసుగు కూడా. ఒకే సబ్జెక్టులో దాదాపు ఒకే పొడవు, ఒకే కష్టం ఉన్న నాలుగు భాగాలు తీసుకోండి, ఒక్కొక్కటి నాలుగైదు పేజీలు. ఒక్కో భాగానికి పది ప్రశ్నలు వేరొకరితో రాయించండి. మీరే రాసుకుంటే, మీకు గుర్తున్నవాటి మీదే ప్రశ్నలు వస్తాయి. బహుళైచ్ఛికం వద్దు, జవాబు రాయాల్సిన ప్రశ్నలే ఉండాలి. రెండు భాగాలు మీకిష్టమైన పద్ధతిలో, అంటే వీడియో రెండుసార్లు చూడటమో, మళ్లీ మళ్లీ చదవడమో. మిగతా రెండు భాగాలు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసి, పుస్తకంతో సరిచూసుకుని, తప్పిపోయినవి ఇంకో రంగు కలంతో చేర్చాలి. ఏ భాగానికి ఏ పద్ధతో నాణెం ఎగరేసి తేల్చండి. లేకపోతే తేలికైన భాగం తెలియకుండానే ఇష్టమైన పద్ధతికి వెళ్లిపోతుంది. ప్రతి భాగానికీ ఖచ్చితంగా 40 నిమిషాలే. ముగియగానే, వారం తర్వాత పదికి ఎన్ని వస్తాయనుకుంటున్నారో అంచనా రాసిపెట్టండి.

ఏడో రోజు దాకా ఆ పేజీలు తెరవద్దు. తర్వాత పరీక్ష రాయండి. రెండో వారం కొత్త భాగాలతో, పద్ధతుల వరుస తిరగేసి మళ్లీ చేయండి, మొదటివారం అలసట ఏ పద్ధతి వాటాకు పడిందో తెలియదు కాబట్టి. ఒకటి రెండు మార్కుల తేడాను లెక్కలోకి తీసుకోకండి. రెండు వారాల్లోనూ మూడు మార్కులు, ఆపైన ఒకేవైపు తేడా వస్తే ఆ పద్ధతి ఆ సబ్జెక్టులో మీకు పనిచేస్తోందని నమ్మొచ్చు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఆ వారం ఆగకపోవడంతోనే. ఆ రాత్రే పరీక్ష పెట్టుకుంటే మళ్లీ చదవడమే గెలుస్తుంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించింది ఇదే. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు 75 శాతం. వారం తర్వాత అదే 42, 56 అయింది. చదువుతున్నప్పుడు హాయిగా అనిపించడం గుర్తుండటానికి సాక్ష్యం కాదు. మీ అంచనాకూ వచ్చిన మార్కులకూ మధ్య దూరం చూడండి. ఎక్కడ ఎక్కువగా ఉందో ఆ పద్ధతే మిమ్మల్ని మభ్యపెడుతోంది.

ఇక అసలైన పని మార్కుల్లో కాదు, తప్పుల్లో ఉంది. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి. ఇది మొదటినుంచీ అర్థం కాలేదా? అర్థమై మరిచిపోయారా? దగ్గరగా ఉన్న ఇంకోదానితో కలిపేశారా? తెలిసి కూడా ప్రశ్న సరిగా చదవలేదా? ఈ నాలుగింటికీ మందు వేరు. ఒకరి తప్పుల్లో ఎక్కువ మరపు, ఇంకొకరి తప్పుల్లో ఎక్కువ తికమక. మనిషికీ మనిషికీ ఉన్న అసలు తేడా ఇక్కడ కనిపిస్తుంది, ఏ క్విజ్‌లోనూ కనిపించదు.

అర్థం కాకపోతే ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. దానికి ముందు రావలసిన పాఠానికి వెనక్కి వెళ్లి, అడుగడుగూ సాధించి చూపిన లెక్కలు చూడాలి. ఒక లెక్క చూసి, అలాంటిదే ఇంకోటి చూడకుండా చేయాలి. మరపైతే ఎడం పెట్టి మళ్లీ చూడాలి. ఆ ఎడం పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. వారంలో పరీక్షైతే ఒక రోజు, నెల పైచిలుకు ఉంటే పది రోజులు, ఏడాదైతే మూడు వారాల దరిదాపుల్లో ఉంచండి. తికమకైతే ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేయడం ఆపి, రకాలు కలిపి చేయండి. రోరర్, టేలర్ 2007లో చేసిన ప్రయోగంలో కలిపి చేసినవాళ్లకు సాధనలో 60 శాతం, విడిగా చేసినవాళ్లకు 89. వారం తర్వాత పరీక్షలో కలిపి చేసినవాళ్లకు 63, విడిగా చేసినవాళ్లకు 20. సాధనలో తప్పులు ఎక్కువ వస్తున్నాయని పిల్లలను మధ్యలో ఆపేయకండి. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడం కూడా ఆ తప్పుల మధ్యే నేర్చుకుంటున్నారు. ప్రశ్న సరిగా చదవని తప్పులకు గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయడం చాలు.

చరిత్రలో వచ్చిన ఫలితాన్ని లెక్కలకు అంటించకండి, సబ్జెక్టుకోసారి చేయాల్సిందే. ఒకే సబ్జెక్టులోనూ పట్టు పెరిగేకొద్దీ పద్ధతి మారుతుంది. కొత్తలో ఎంతో ఉపయోగపడిన సాధించిన లెక్కలు, ఆర్నెల్ల తర్వాత చూస్తే కాలం వృథానే. అప్పుడు నేరుగా కష్టమైన లెక్కల మీదే కూర్చోవాలి. కాబట్టి తప్పుల కాగితం పారేయకండి, తేదీ వేసి దాచండి. తర్వాత రాసే కాగితాన్ని దీని పక్కన పెట్టి, నాలుగు కారణాల్లో ఏది తగ్గింది, ఏది పెరిగిందో లెక్కపెట్టండి.