ఎకరానికి ఎంత సైన్సు?

సైన్సు ఎలా పుడుతుందో తెలియక ప్రపంచ దేశాలు ఇంకా తలలు బాదుకుంటున్నాయి గానీ, మన రెండు తెలుగు ప్రభుత్వాలు ఆ సంగతి ఏనాడో తేల్చేశాయి. అది భూమిలోంచి పుడుతుంది. సర్వే నంబరు ఉండాలి, చుట్టూ ప్రహరీ ఉండాలి, శిలాఫలకం మీద పేర్లు ప్రోటోకాల్ తప్పకుండా ఉండాలి. మిగతా సరంజామా, అంటే శాస్త్రవేత్తలు వగైరా, నాలుగు వానలు పడ్డాక అదే మొలుస్తుంది.

అనుమానం ఉన్నవాళ్లు శామీర్‌పేట దాటి తుర్కపల్లి దాకా వెళ్లి రండి. 1999లో ప్రకటించిన బయోటెక్ పార్కు, జీనోమ్ వ్యాలీ, అక్కడే ఉంది. కొవాగ్జిన్ తయారైంది అక్కడే. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ దాన్ని చంకనెత్తుకుని ఫొటో దిగింది. 2024 బయో ఆసియా సదస్సులో రెండో దశకు 300 ఎకరాలన్నారు. ఎన్ని ప్రయోగాలని ఎవరూ అడగలేదు. సభామర్యాద తెలిసిన జనం.

సిద్ధాంతానికి ఒకే ఒక్క చిక్కు వరప్రసాద్ రెడ్డి గారు. దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యువులను అతికించి తయారుచేసే) హెపటైటిస్-బి టీకాను వారి శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే విడుదల చేసింది. అంటే పార్కు కన్నా రెండేళ్లు ముందు! పార్కు లేనిదే పరిశోధన ఎలా చేశారయ్యా అంటే, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత కేంద్రం వారి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు సంపాదించుకుని చేశారట. పెట్టుబడికి ఒమన్ విదేశాంగ మంత్రి ఆదుకున్నారు. దిగుమతి టీకా వందల్లో పలుకుతుంటే వీరిది 50 రూపాయలకే వచ్చింది. శంకుస్థాపన లేకుండా ఇంత పని జరగడం మంచి సంప్రదాయం కాదు. ఆ మాటకొస్తే 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ కూడా ఇలాగే, బేగంపేటలో ఒక గదిలో కూర్చుని దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టేశాడు. ఆ దోమకు గానీ, ఈ దొరకు గానీ ఎకరం కేటాయించిన పాపాన ఎవరూ పోలేదు.

బాలానగర్ ఐడీపీఎల్ కథ కాస్త ఊరట. 1961లో పెట్టిన ప్రభుత్వ రంగ మందుల తయారీ సంస్థ. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు మొదలుకొని ఎందరో అక్కడే పని నేర్చుకుని బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. హైదరాబాద్ మందుల పరిశ్రమ అంతా ఆ బడి పిల్లలదేనంటే పెద్ద అతిశయోక్తి కాదు. బడి మాత్రం 1992లో ఖాయిలా పడింది, 2016లో కేంద్ర కేబినెట్ మూసెయ్యమంది. పని నేర్పినవాళ్లు పోయారు, నేర్చుకున్నవాళ్లూ పోయారు, భూమి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఐడీపీఎల్ పేరు పేపర్లో కనబడితే అది భూముల వార్తే అయి ఉంటుంది. శాశ్వతమైనది ఏదో ఇక్కడ తేలిపోలేదూ?

జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల జరుగుతున్న అసలు పరిశోధనను పత్రికలు పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంది. పొలం ఒక్క రాత్రిలో వెంచరుగా మారే జన్యు పరివర్తనను ఏ ల్యాబులోనూ సాధించలేదు. ‘జీనోమ్ వ్యాలీకి పది నిమిషాలే, స్పాట్ రిజిస్ట్రేషన్’ అని బోర్డు. ఏ బండి మీద పది నిమిషాలో చెప్పరు, అది మేధోసంపత్తి. సైట్ విజిట్‌కి ఉచితంగా కారు, తిరుగు ప్రయాణంలో బిరియానీ. డీఎన్ఏ అంటే ఏమిటో తెలియని మేస్త్రీకి కూడా బయోటెక్ వల్ల గజం ధర ఎంత పెరిగిందో కంఠతా వచ్చు. సైన్సును ప్రజల్లోకి తీసుకెళ్లడమంటే ఇంతకన్నా ఏముంది!

అదే తుర్కపల్లిలో ఐకేపీ నాలెడ్జ్ పార్కు అని ఉంది. 200 ఎకరాలు చేతిలో ఉంచుకుని, సిద్ధంగా ఉన్న ల్యాబులను చిన్న కంపెనీలకు అద్దెకిస్తుంది. పరికరాలు కొనలేని కుర్రాళ్లు వచ్చి ప్రయోగం చేసుకుంటారు. ప్లాట్లు కొట్టి అమ్మాలన్న ధ్యాసే లేదు. వీళ్లనేం చేయాలో నాకు పాలుపోవడం లేదు.

సైన్సు భూమిలో ఉంటుంది కాబట్టే, అది విశ్వవిద్యాలయాల కింద వృథాగా పడి ఉండడం ప్రభుత్వాలు చూడలేకపోతున్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 100 ఎకరాలను హైకోర్టుకు ఇచ్చారు. కొత్త వంగడాలకు కాకపోతే కొత్త వాయిదాలకు పనికొస్తాయి. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి జేసీబీలు దిగాయి. విద్యార్థులు అడ్డంపడ్డారు, సుప్రీంకోర్టు ఆపేసింది. నెమళ్లు కూడా ఆ రాత్రి అరిచాయి గానీ వాటికి పారిశ్రామిక విధానం తెలియదు.

అటు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే పార్కు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచే శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట మత్స్యకారులు మాత్రం సముద్రం పాడవుతుందని దీక్షకు కూర్చున్నారు. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు అనుభవం వారికి ఎవరైనా చెప్పాల్సింది. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదట. చీటీ లేకుండా, క్యూ లేకుండా, ఏరు ఏరంతటికీ ఉచిత వైద్యం. శుద్ధి చేసిన తర్వాత లెక్క ఇది!

ఇక డబ్బు సంగతి. దేశం పరిశోధన మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం. ఇది ఎకరాల్లో చెప్పి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు సిగ్గుపడి ఉండేవారు.

విమర్శించి వదిలేయడం నా స్వభావం కాదు, ఒక సూచన ఉంది. తెలంగాణలో పరిశ్రమల అనుమతుల కోసం చేసిన 2014 నాటి టీఎస్-ఐపాస్ చట్టం ప్రకారం మెగా ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతులివ్వాలి, గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క. నెలల తరబడి ఫెలోషిప్ కోసం ఎదురుచూసే రీసెర్చ్ స్కాలర్లను కూడా తలా ఒక మెగా ప్రాజెక్టుగా నమోదు చేయండి. 15 రోజుల్లో డబ్బు ఖాతాలో పడకపోతే పడినట్టే భావించవచ్చు. ఖజానాకు పైసా ఖర్చు లేదు. హాస్టల్ మెస్ బిల్లు కూడా కట్టినట్టే భావించాలని అదే జీవోలో ఇంకో వాక్యం చేరిస్తే సరిపోతుంది. మెస్ కాంట్రాక్టరుతో నేను మాట్లాడి ఉంచాను. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు, ఈలోగా తుర్కపల్లిలో రెండు వందల గజాలేమైనా ఉన్నాయా అని అడిగాడు.